ఇంట గెలవడం, రచ్చ గెలవడం



బడి పిల్లల బాస్కెట్‌బాల్ పోటీల్లో ఏటా తలెత్తే తగవు ఒకటి ఉంది. లీగ్ మ్యాచులు నడిచినన్నాళ్లూ అది బయటపడదు. నాకౌట్ దశ వచ్చేసరికి పీఈటీ సార్ల మధ్య, ప్రిన్సిపాళ్ల మధ్య, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో మొదలవుతుంది. మ్యాచ్ ఎక్కడ ఆడాలి? పట్టికలో పైనున్న జట్టు సొంత కోర్టులోనా, రెండు జట్లకూ సంబంధం లేని మూడో చోటా? ఓడిన జట్టు ఇంటికి వెళ్తూ చెప్పుకునే మొదటి మాట కూడా ఇదే: "అక్కడ కాకుండా ఇంకెక్కడైనా ఆడి ఉంటే గెలిచేవాళ్లం."

దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేయకూడదు. పదిహేనేళ్ల పిల్లవాడికి న్యాయం అంటే ఏమిటో మొదట తెలిసేది న్యాయస్థానాల్లో, శాసనసభల్లో కాదు, ఆటస్థలంలో. అక్కడ పద్ధతి సరిగ్గా ఉందని నమ్మినవాడు ఓటమిని తట్టుకుంటాడు. నమ్మకం పోయినవాడు ఆటనే వదిలేస్తాడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తొలి రౌండ్లు సొంత కోర్టుల్లో జరగాలి. ఆఖరి మ్యాచులు తటస్థ వేదిక మీద జరగాలి. అయితే ఒక షరతు. సొంత కోర్టు అనేది కొన్ని బడులకే ఉండి తక్కినవాటికి లేకపోతే ఈ పద్ధతి కూడా అన్యాయమే అవుతుంది. ఈ మాట ఎందుకంటున్నానో హైదరాబాద్‌లోని మన ఉప్పల్, నాచారం చుట్టుపక్కల జరిగినవాటితోనే వివరిస్తాను.

ముందు, సొంత కోర్టు నిజంగా ఏమిస్తుందో చూద్దాం. పుస్తకంలో కోర్టులన్నీ ఒకటే. పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు, రింగు ఎత్తు 3.05 మీటర్లు. నేల మీదికి వచ్చేసరికి ఏ రెండూ ఒకలా ఉండవు. మన దగ్గర బడుల్లో ఎక్కువ భాగం ఆరుబయటి సిమెంటు కోర్టులు. ఒకచోట నేల నున్నగా అరిగిపోయి బూటు జారుతుంది. ఒకచోట బంతి అనుకున్నదానికంటే తక్కువ ఎగురుతుంది. ఒక రింగు గట్టిగా బిగించి ఉంటుంది, బంతి అంచుకు తగిలితే దూరంగా ఎగిరిపోతుంది. ఇంకొకటి కాస్త వదులుగా ఉండి బంతిని లోపలికి తీసుకుంటుంది. కోర్టును ఉత్తర దక్షిణాలుగా వేయకుండా తూర్పు పడమరలుగా వేస్తే, సాయంత్రం నాలుగున్నరకి ఒక వైపు ఆడే జట్టు కళ్లలో సూర్యుడు పడతాడు. ఆ కోర్టులో రోజూ ఆడే పిల్లలకు ఇవన్నీ ఒంటికి పట్టేసి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు అవి తెలిసేసరికి మొదటి క్వార్టర్ అయిపోతుంది.

దీనికి తోడు జనం. అమెరికాలో బారీ ష్వార్ట్జ్, స్టీఫెన్ బార్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 1977లో వేర్వేరు ఆటల ఫలితాలు తీసి లెక్క కట్టారు. సొంత మైదానం మొగ్గు అన్ని ఆటల్లోనూ కనిపించింది. కానీ బేస్‌బాల్ లాంటి ఆరుబయటి ఆటల్లో కంటే బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ లాంటి ఇండోర్ ఆటల్లో ఎక్కువగా కనిపించింది. పైకప్పు కింద, కోర్టు అంచున కూర్చున్న జనం అరుపు ఆటగాడి చెవిలోనే పడుతుంది కదా.

ఆ అరుపు ఆటగాడి మీదే పనిచేస్తుందా? 2002లో అలన్ నెవిల్, ఆయన సహచరులు ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం చేశారు. అర్హత ఉన్న 40 మంది ఫుట్‌బాల్ రెఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 ఘటనల వీడియో చూపించారు. కొందరికి జనం హోరుతో, కొందరికి శబ్దం లేకుండా. హోరు విన్న రెఫరీలు సొంత జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు 15 శాతానికి పైగా తగ్గాయి. వాళ్లలో ఎవరూ మోసగాళ్లు కారు. సందేహం వచ్చిన క్షణంలో మనిషి మనసు జనం వైపు కొంచెం ఒరుగుతుంది, అంతే. బాస్కెట్‌బాల్‌లో ఆ ఒరగడం ఇంకా ఖరీదైనది. ఐదు ఫౌళ్లు పడిన ఆటగాడు బయట కూర్చోవాలి. సందేహాస్పదమైన రెండు ఫౌళ్లతో ఒక జట్టు సెంటర్ మూడో క్వార్టర్‌లోనే బెంచీ ఎక్కవచ్చు.

ఇవి విన్నాక, అన్ని మ్యాచులూ తటస్థంగా పెట్టేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అంత తేలిక కాదు. ఈ సంగతి మనకు బాగా నేర్పిన చోటు ఉప్పల్ స్టేడియం. అది క్రికెట్ మైదానమే, కానీ సొంత గడ్డ గురించి, పరాయి గడ్డ గురించి అది చూసినన్ని మలుపులు దేశంలో తక్కువ మైదానాలు చూసి ఉంటాయి.

2008. ఐపీఎల్ మొదటి ఏడాది. మన జట్టు దక్కన్ చార్జర్స్. లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిదీ, రోహిత్ శర్మ, అంతా పేరున్నవాళ్లే. ఏప్రిల్ 24న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద సైమండ్స్ 117 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. రాజస్థాన్ ముందు 215 పరుగుల లక్ష్యం. అంతా అయిపోయిందనుకున్న సమయంలో చివరి ఓవర్ అదే సైమండ్స్ వేశాడు, షేన్ వార్న్ సిక్సర్లు కొట్టి గెలిపించుకుపోయాడు. ఆ సీజన్ మొత్తం అలాగే నడిచింది. ఉప్పల్‌లో ఆడిన ఒక్క మ్యాచ్ కూడా మనవాళ్లు గెలవలేదు. 14 మ్యాచుల్లో గెలిచినవి రెండే, ఆ రెండూ బయటివే. ఒకటి నవీ ముంబైలో, ఒకటి చెన్నైలో. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం.

2009లో లోక్‌సభ ఎన్నికలు, ఐపీఎల్ తేదీలు కలిశాయి. భద్రత ఇవ్వలేమన్నారు. టోర్నమెంటు మొత్తం దక్షిణాఫ్రికాకు తరలింది. ఏ జట్టుకూ సొంత మైదానం లేదు. కేప్‌టౌన్, డర్బన్, సెంచూరియన్, జొహానెస్‌బర్గ్, అన్నీ అందరికీ పరాయివే. అంతకుముందు ఏడాది అడుగున ఉన్న దక్కన్ చార్జర్స్ ఆ ఏడాది కప్పు గెలిచింది. మే 24న జొహానెస్‌బర్గ్‌లోని వాండరర్స్‌లో జరిగిన ఫైనల్లో 143 పరుగులు చేసి, బెంగళూరును 137 దగ్గర ఆపింది. హైదరాబాద్ జట్టు తన తొలి ఐపీఎల్ కప్పును తన ఊరి జనం కళ్ల ముందు కాకుండా వేల మైళ్ల అవతల ఎత్తింది.

2010లో ఇంకో మలుపు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. హైదరాబాద్‌లో మ్యాచులు పెట్టలేమని దక్కన్ చార్జర్స్ సొంత మ్యాచుల్ని కటక్, నాగ్‌పూర్, నవీ ముంబైలకు మార్చారు. ఊరు లేని ఆ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ జట్టు కథ దానికి తలకిందులుగా నడిచింది. ఇంట ఓడి రచ్చ గెలిచింది. దీన్నిబట్టి సొంత మైదానం ఊరికే చేతికొచ్చే బహుమతి కాదని అర్థమవుతుంది. నలభై వేల మంది మనవాళ్లు ముందు కూర్చుని ఉంటే ఆ బలంతోపాటు బరువు కూడా వస్తుంది. ఓటములు వరసగా వస్తున్నప్పుడు ఆ బరువే మిగులుతుంది. పెద్దవాళ్ల జట్టుకే ఇలా ఉంటే, తన క్లాసు పిల్లలంతా చుట్టూ నిలబడి చూస్తుండగా ఫ్రీ త్రో వేయాల్సిన తొమ్మిదో తరగతి అమ్మాయి సంగతి చెప్పనక్కర్లేదు.

సొంత గడ్డ మీద అన్నీ అనుకూలంగా ఉన్నా ఓడిపోవచ్చని ఉప్పల్ మరోసారి చూపించింది. 2024 జనవరి వరకు భారత్ అక్కడ ఆడిన ఐదు టెస్టుల్లో నాలుగు గెలిచి ఒకటి డ్రా చేసుకుంది. ఇంగ్లండ్ వచ్చింది. తొలి ఇన్నింగ్స్‌లో మనకు 190 పరుగుల ఆధిక్యం. మన స్పిన్నర్లకు నచ్చే పిచ్. అయినా ఓలీ పోప్ 196 పరుగులు చేశాడు. తొలి టెస్టు ఆడుతున్న టామ్ హార్ట్‌లీ రెండో ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీశాడు. 28 పరుగుల తేడాతో భారత్ ఓడింది. ఆ ఓటమిని పిచ్ మీదా జనం మీదా నెట్టడానికి మనకు వీల్లేకపోయింది, రెండూ మనవే కనుక. ఆ తర్వాత నాలుగు టెస్టులూ గెలిచి సిరీస్ తీసుకున్నారు. ఇంట్లో ఓడినవాడికి సాకు ఉండదు, తన ఆటనే సరిదిద్దుకోవాల్సి వస్తుంది. పిల్లలకు సొంత కోర్టులో ఆడే అవకాశం ఎందుకివ్వాలంటే, నేను చెప్పే మొదటి కారణం ఇదే.

ఇప్పుడు తటస్థ వేదిక వైపు చూద్దాం. ఐపీఎల్‌లో ముందటి ఏడాది విజేత ఊళ్లో ఫైనల్ పెట్టే ఆనవాయితీ ఉంది. ఎవరు ఫైనల్‌కు వస్తారో తెలియకముందే వేదిక నిర్ణయమవుతుంది. 2016 ఫైనల్ ముంబైలో జరగాలి. ఆ వేసవిలో మహారాష్ట్రలో కరువు. ఏప్రిల్ 30 తర్వాతి మ్యాచుల్ని రాష్ట్రం బయట పెట్టుకోమని బాంబే హైకోర్టు చెప్పింది. ఫైనల్ బెంగళూరుకు మారింది. తీరా ఫైనల్‌కు వచ్చిన రెండు జట్లలో ఒకటి బెంగళూరే. రెండోది, దక్కన్ చార్జర్స్ తర్వాత మన ఊరి జట్టైన సన్‌రైజర్స్. అది బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో, ఎదుటి జట్టు జనం హోరు మధ్య ఆడాల్సి వచ్చింది. 208 పరుగులు చేసింది. బెంగళూరును 200 దగ్గర ఆపింది. అలా రచ్చ గెలిచింది.

ఆ గెలుపు వల్ల 2017 ఫైనల్ ఉప్పల్‌కు వచ్చింది. సన్‌రైజర్స్ మాత్రం ఎలిమినేటర్‌లోనే వెనుదిరిగింది. ఫైనల్లో ముంబై, పుణె తలపడ్డాయి. ఉప్పల్ ఆ రెండింటికీ పరాయి గడ్డే. ముంబై 129, పుణె 128. ఒక్క పరుగు తేడా. 2019 ఫైనల్ చెన్నైలో జరగాలి. అక్కడ మూడు స్టాండ్లు తెరవడానికి అనుమతి దొరకలేదు. ఫైనల్ మళ్లీ ఉప్పల్‌కు వచ్చింది. ముంబై 149, చెన్నై 148. మళ్లీ ఒక్క పరుగే. ఆ రోజు మ్యాచ్ చెన్నైలోని చెపాక్‌లో జరిగి ఉంటే చెన్నై గెలిచేదని చాలామంది అన్నారు. అదే వారం చెపాక్‌లో జరిగిన క్వాలిఫయర్‌లో చెన్నై ముంబై చేతిలో ఓడిందన్న సంగతి వాళ్లు గుర్తు తెచ్చుకోవాలి.

రెండు ఫైనళ్లు చూసి సూత్రం కట్టకూడదు. అయినా ఒక్కటి చెప్పవచ్చు. ఒక్క పరుగు తేడాతో కప్పు చేతులు మారినప్పుడు, ఆ ఒక్క పరుగును ఎవరూ జనం ఇచ్చిన పరుగు అనలేదు. ఆఖరి మ్యాచ్‌కు తటస్థ వేదిక ఇచ్చే గొప్ప వరం అది. గెలిచినవాడి గెలుపు శుభ్రంగా ఉంటుంది.

తటస్థం అని బోర్డు పెట్టినంత మాత్రాన వేదిక తటస్థం కాదన్నది ఇంకో సంగతి. 2023 ప్రపంచకప్‌కు ముందు సెప్టెంబర్ 29న పాకిస్తాన్, న్యూజిలాండ్ ఉప్పల్‌లో వార్మప్ మ్యాచ్ ఆడాయి. పండగల బందోబస్తు వల్ల జనాన్ని రానివ్వలేదు. ఖాళీ స్టాండ్ల ముందు ఆడారు. అక్టోబర్ 10న అదే మైదానంలో పాకిస్తాన్, శ్రీలంక తలపడ్డాయి. ఆ రోజు స్టేడియంలో పాకిస్తాన్ అభిమానులు దాదాపు లేరు, వీసాలు రాలేదు. అయినా మన హైదరాబాద్ జనం రిజ్వాన్, అబ్దుల్లా షఫీఖ్ కొట్టిన ప్రతి బౌండరీకి చప్పట్లు కొట్టారు. పాకిస్తాన్ 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదించింది. ప్రపంచకప్ చరిత్రలో అంత పెద్ద ఛేదన అంతకుముందు లేదు. మంచి ఆట ఎవరాడినా మెచ్చుకునే మనసు మన ఊరికి ఉందని ఆ సాయంత్రం లోకమంతా చూసింది. ఆ మనసు బడి ఆటల్లోకీ రావాలన్నది నా కోరిక.

2025 చాంపియన్స్ ట్రోఫీలో భారత్ తన మ్యాచులన్నీ దుబాయ్‌లోనే ఆడింది. పేరుకు అది తటస్థ వేదిక. తక్కిన జట్లలో చాలావరకు పాకిస్తాన్‌కూ దుబాయ్‌కీ మధ్య తిరుగుతుంటే, ఒకే ఊళ్లో ఉండి ఒకే మైదానానికి అలవాటుపడే వీలు మన జట్టుకు దొరికిందన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. మన జట్టు గెలిచింది కదా అని ఆ మాట కాదనలేం. వేదిక ఎవరిదన్నది ఒక్కటే చాలదు. అక్కడికి ఎవరు ఎంత దూరం నుంచి వస్తారు, ఎవరికి ఎంత ప్రాక్టీసు దొరుకుతుంది, ఎవరి జనం కూర్చుంటారు, విజిల్ ఎవరి చేతిలో ఉంది, ఇవన్నీ కలిస్తేనే తటస్థం.

విజిల్ సంగతి అన్నాను కాబట్టి ఒక పాత గర్వకారణం చెప్పాలి. ఒకప్పుడు టెస్టు మ్యాచుల్లో ఆతిథ్య దేశం అంపైర్లే నిలబడేవారు. ఏ దేశానికి వెళ్లినా అనుమానాలే. 1986లో పాకిస్తాన్, వెస్టిండీస్ మధ్య లాహోర్ టెస్టుకు, ఇమ్రాన్ ఖాన్ చొరవతో, ఇద్దరు భారతీయ అంపైర్లను పిలిచారు. ఒకరు పీలూ రిపోర్టర్, ఇంకొకరు మన హైదరాబాద్ అంపైర్ వి.కె. రామస్వామి. పాకిస్తాన్ గడ్డ మీద, పాకిస్తాన్ ఆడుతుంటే, భారతీయులు వేలెత్తి తీర్పు చెప్పారు, రెండు జట్లూ ఒప్పుకున్నాయి. 1994 నుంచి టెస్టుల్లో ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులు ఉండాలన్న పద్ధతి వచ్చింది. చూడండి, మైదానం మారలేదు, జనం మారలేదు. తీర్పు చెప్పేవాళ్లు మారారు, సొంత గడ్డ మీద ఆట కూడా నమ్మదగినదైంది. బడి ఆటలకు ఇంతకంటే చవకైన మందు లేదు.

అన్నీ తటస్థంగా పెడితే ఏమవుతుందో కూడా మన దేశం చేసి చూసింది. రంజీ ట్రోఫీలో సొంత జట్లు తమకు నచ్చిన పిచ్‌లు తయారు చేసుకుంటున్నాయని, మ్యాచులు రెండు మూడు రోజుల్లో ముగిసిపోతున్నాయని 2016-17లో మ్యాచులన్నీ తటస్థ వేదికల్లో పెట్టారు. ఆ ఏడాది హైదరాబాద్ తన గ్రూపులో అగ్రస్థానంలో నిలిచి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. ముంబైతో ఆ మ్యాచ్ రాయపూర్‌లో జరిగింది. 30 పరుగుల తేడాతో ఓడిపోయాం. అంత గట్టి పోరాటాన్ని ఉప్పల్ కుర్రాడు, నాచారం కుర్రాడు కళ్లారా చూడలేదు. ఫైనల్ ఇందోర్‌లో జరిగింది. గుజరాత్ ముంబైని ఓడించి మొదటిసారి రంజీ ట్రోఫీ గెలుచుకుంది, ఆ సంబరం కూడా అహ్మదాబాద్‌కు దూరంగానే జరిగింది. మరుసటి ఏడాదే క్రికెట్ బోర్డు పాత పద్ధతికి వెనక్కి వచ్చింది. పిచ్‌ల రోగానికి మందు దొరికిందేమో కానీ ఊరికీ జట్టుకూ మధ్య ఉన్న బంధం తెగింది. ఆటగాడు ఊరి పిల్లలకు కనిపించాలి. కనిపిస్తేనే కదా ఇంకో పిల్లవాడు బ్యాట్ పట్టేది, బంతి పట్టేది.

బాస్కెట్‌బాల్ పుట్టిన దేశం ఈ చిక్కును ఎలా పరిష్కరించుకుందో చూద్దాం. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్‌లో పురుషుల మ్యాచులు తటస్థ వేదికల్లో జరుగుతాయి. మహిళల టోర్నమెంట్‌లో మాత్రం మొదటి రెండు రౌండ్లు పై పదహారు జట్ల సొంత కోర్టుల్లో పెడతారు. ఆ తర్వాతివి తటస్థం. అమ్మాయిల ఆటకు జనం నిండాలంటే ఊళ్లోనే ఆట జరగాలన్నది అందులో ఉన్న ఆలోచన. హైస్కూలు పోటీల్లోనూ చాలా రాష్ట్రాల్లో తొలి రౌండ్లు మెరుగైన ర్యాంకున్న బడి జిమ్‌లో, ఫైనల్స్ పెద్ద అరేనాలో జరుగుతాయి.

ఆ పెద్ద అరేనా ఒక చిన్న బడికి ఏమివ్వగలదో 1954లో ఇండియానా రాష్ట్రం చూసింది. మిలన్ అనే చిన్న ఊరు. హైస్కూలు మొత్తంలో 161 మంది పిల్లలు. అప్పట్లో చిన్న బడులకు, పెద్ద బడులకు వేరువేరు విభాగాలు లేవు. ఫైనల్ ఇండియానాపొలిస్‌లోని బట్లర్ ఫీల్డ్‌హౌస్‌లో జరిగింది. ఎదురుగా ఎన్నో రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్. చివరి క్షణాల్లో బాబీ ప్లంప్ వేసిన షాట్‌తో మిలన్ 32-30తో గెలిచింది. పెద్ద బడి సొంత జిమ్‌లో, పెద్ద బడి పిల్లల అరుపుల మధ్య ఈ మ్యాచ్ జరిగి ఉంటే ఫలితం ఇలాగే ఉండేదా అన్న ప్రశ్న ఎవరికీ వేసుకోవాల్సిన అవసరం రాలేదు. చిన్న బడిని పెద్ద బడితో సమానంగా నిలబెట్టింది ఆ తటస్థ వేదికే.

ఇప్పుడు మన బడుల దగ్గరికి వద్దాం. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళ్తాయి. మన ఉప్పల్ మండలం ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. సీబీఎస్‌ఈ బడులకు క్లస్టర్ పోటీలు వేరుగా జరుగుతాయి. ఏ పోటీ అయినా ఎవరో ఒక బడి ఆతిథ్యం ఇవ్వాలి. ఎవరివ్వగలరు? మంచి కోర్టు, లైట్లు, మంచినీళ్లు, బస్సు నిలిపే స్థలం ఉన్న బడి. అంటే పెద్ద ప్రైవేటు బడి. ఆతిథ్యమిచ్చే మనసు గొప్పదే, వాళ్ల ఖర్చు, శ్రమ మెచ్చుకోవాల్సినవే. కానీ ఫలితం ఏమవుతుంది? సొంత కోర్టు ఉన్న బడి ఎప్పుడూ ఇంట్లోనే ఆడుతుంది. కోర్టు లేని ప్రభుత్వ బడి, ఇరుకు భవనంలో నడిచే చిన్న ప్రైవేటు బడి ఎప్పుడూ పరాయి గడ్డ మీదే ఆడతాయి. అక్కడ ఇంటి మొగ్గు ఆటతో సంపాదించుకున్నది కాదు, స్థలంతో వచ్చింది.

మన ప్రాంతాన్నే చూడండి. నాచారం పారిశ్రామిక వాడ, మల్లాపూర్, హబ్సిగూడ, రామంతాపూర్, బోడుప్పల్. ఇన్ని బస్తీలు, ఇన్ని కాలనీలు. ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు, సైన్సు ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్ల పిల్లలు ఒకే వీధిలో పెరుగుతారు. దేశంలోని పెద్ద క్రికెట్ స్టేడియాల్లో ఒకటి మనకు నడక దూరంలో ఉంది. దాని పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. కానీ ఏ బడికీ చెందని, అందరికీ చెందిన మంచి బాస్కెట్‌బాల్ కోర్టులు ఇంతమంది పిల్లలకు సరిపడా లేవు. తటస్థ వేదిక కావాలని అడుగుతున్నామంటే ముందు అలాంటి చోటు ఒకటి ఉండాలి కదా!

అమ్మాయిల జట్ల సంగతి విడిగా చెప్పాలి. వేదిక దూరమైతే అమ్మాయిని పంపడానికి ఇంట్లో వెనకాడతారు. మ్యాచ్ ఆరు గంటలకు ముగిసి, రెండు బస్సులు మారి చీకట్లో ఇల్లు చేరాలంటే ఆ అమ్మాయి ఆట అక్కడితో ఆగిపోతుంది. బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన టాయిలెట్ లేని చోటును తటస్థ వేదిక అని పిలవకూడదు. అది అబ్బాయిలకు మాత్రమే తటస్థం.

అందుకని బడుల యాజమాన్యాల ముందు, క్రీడాధికారుల ముందు కొన్ని సూచనలు పెడుతున్నాను.

మొదటిది, క్వార్టర్ ఫైనల్స్ వరకు లీగ్ పట్టికలో పైనున్న జట్టుకు సొంత కోర్టు ఇవ్వండి. అది సంపాదించుకున్న హక్కు. పైనున్న జట్టుకు కోర్టు లేకపోతే, దగ్గర్లోని ఒక కోర్టును ఆ రోజుకు ఆ బడిదిగా ప్రకటించండి. ముందురోజు ప్రాక్టీసు వాళ్లకే, స్టాండ్‌లో ముందు వరసలు వాళ్ల పిల్లలకే. ప్రభుత్వ బడి పిల్లలు కూడా ఒక్కసారైనా "మా కోర్టు" అనగలగాలి.

రెండోది, సెమీఫైనల్స్, ఫైనల్ ఒకే తటస్థ వేదిక మీద పెట్టండి. పోటీలు మొదలవకముందే ఆ వేదిక ప్రకటించండి. సెమీస్‌కు ఎవరొచ్చారో చూశాక వేదిక ఎంచుకుంటే ఎంత నిజాయితీగా ఎంచినా అనుమానం పోదు. అక్కడ రెండు జట్లకూ సమానమైన ప్రాక్టీసు సమయం, రెండు బడుల పిల్లలకూ చెరిసగం సీట్లు ఇవ్వండి. బస్సు లేని బడికి బస్సు ఏర్పాటు చేయండి.

మూడోది, మొదటి రౌండ్ నుంచీ రెఫరీ, స్కోరర్, టైమ్‌కీపర్, ఈ ముగ్గురూ ఆడే రెండు బడులకూ చెందనివాళ్లే ఉండాలి. లాహోర్‌లో రామస్వామి, రిపోర్టర్ చేసి చూపించింది మన మండలంలో చేయలేమా?

నాలుగోది, నగరపాలక సంస్థ ఆటస్థలాల్లో ఉప్పల్ వైపు ఒకటి, నాచారం వైపు ఒకటి, ఉత్తర దక్షిణాలుగా వేసిన, లైట్లున్న కోర్టులు నిర్మించాలి. 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను తయారు చేసింది బాల్కనీకి కొట్టిన రెండు పీచు పళ్ల బుట్టలతో. తక్కువ స్థలం, తక్కువ సామగ్రి అడిగే ఆటల్లో ఇదొకటి. ఒక కోర్టుకు పట్టే స్థలం చిన్న ఫంక్షన్ హాలు పార్కింగ్ కంటే ఎక్కువ కాదు.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మీ బడి సొంత కోర్టులో ఆడుతున్న రోజు, పరాయి బడి అమ్మాయి మంచి షాట్ వేస్తే చప్పట్లు కొట్టండి. ఉప్పల్ స్టేడియంలో మనం కొట్టలేదా? ఆ చప్పట్లు విన్న మీ పిల్లలు రేపు పరాయి కోర్టుకు వెళ్లినప్పుడు భయపడకుండా ఆడతారు. ఆతిథ్యం అంటే మంచినీళ్లు, బిస్కెట్లు ఒక్కటే కాదు, ఎదుటివాడి ఆటను గౌరవించడం కూడా.

1986-87లో హైదరాబాద్ రంజీ జట్టు ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో ఢిల్లీకి వెళ్లి, ఢిల్లీ సొంత గడ్డ మీద, ఢిల్లీనే ఓడించి ట్రోఫీ తెచ్చింది. ఆ ఆటగాళ్లంతా ఈ ఊరి మైదానాల్లో, ఈ ఊరి జనం మధ్య ఆడి ఆడి రాటుదేలినవాళ్లు. రచ్చ గెలిచే సత్తా ఇంటి దగ్గర తయారవుతుంది. ఆ ఇల్లు కొందరు పిల్లలకు ఉండి, కొందరికి లేకుండా పోకూడదు. ఈ ఏడాది పోటీల షెడ్యూలు తయారుచేసే పెద్దలు జట్ల పేర్లతోపాటు ఏ బడికి ఏది సొంత కోర్టో, ఫైనల్ ఏ తటస్థ కోర్టులోనో ముందే రాసి బడులన్నిటికీ పంపాలని కోరుకుంటున్నాను.